ఆగిపోయిన నెలల ముచ్చట కోసం బీమండి పోయినం

బోర్డుల మీద భివండి అని రాస్తరు గని మా సిరిసిల్ల దిక్కు అందరం బీమండి అనే అంటం. మా వాడల ఇంటికొక్కరన్న అక్కడ ఉంటరు. పెండ్లికి వస్తరు, సావుకు వస్తరు, మళ్ల పోతరు. నేను మాత్రం ఇన్నేండ్లల్ల ఒక్కపారి సుత పోలే. బీడీలు చుట్టుడు, పిల్లల్ని సాదుడు, వాళ్ల పిల్లల్ని సాదుడు, ఇట్లనే ఎల్లిపోయింది. మొన్న వానకాలం మొదట్ల పోయచ్చిన. చూడనోళ్లకు చెప్పాలె అనిపించి కూసున్న.

పోవుడు నా కోసం కాదు. మా చెల్లె బిడ్డ స్రవంతి హైదరాబాదుల పెద్ద చదువు చదువుతున్నది. ఆడోళ్లకు నెలలు ఆగిపోయే కాలంల ఒంటికి ఏమైతది, ఆ ముచ్చట ఎవలికి చెప్పుకుంటరు, ఏ దవాఖానకు పోతరు, అసలు పోతరా పోరా, ఇవన్ని అడిగి రాసుడు దాని పని. బీమండిల మన తెలుగోళ్ల వాడల అడుగుత అన్నది.

"పెండ్లిగాని పిల్లవు, నీకు ఎవలు చెప్తరే ఆ ముచ్చట్లు" అన్న.

"అందుకే నువ్వు రావాలె పెద్దమ్మ" అన్నది.

నా ఆడబిడ్డ లచ్చవ్వ అక్కడనే ఉంటది. సర్వపిండి గిన్నెకు బట్ట కట్టుకొని ఎల్లినం.

బస్సుల

బస్సు నిండ బియ్యం సంచులే. బీమండిల బియ్యం దొరకవా అంటె దొరుకుతయట, గని మన బియ్యం తిన్నట్టుండదట. నా పక్క సీట్లామె చింతపండు, కారం, ఎల్లిపాయలు, ఇంటికి కావల్సినవన్ని మూట గట్టుకొని కాళ్ల కింద పెట్టుకున్నది. ఎటు పోతున్నరు, ఎందుకు పోతున్నరు అని అడిగింది. స్రవంతి మెల్లగ చెప్పింది. ఆమె నవ్వింది.

"ముట్టు ఆగుడు గురించి అడగనీకి అంత దూరం పోవాల్నా బిడ్డా. నన్నే అడుగు. నాకు ఆగలే, గర్భసంచే తీసేసిన్రు."

"నాకు సుత" అన్న నేను.

ముందల సీట్లకెళ్లి ఇంకొకామె ఇటు తిరిగింది. "నాకు సుత అక్కా. కడుపుల నొస్తుందని పోయిన."

ఇగ ముగ్గురం మూడు దిక్కులకెళ్లి మా ఆపరేషన్ల ముచ్చట్లు చెప్పుకున్నం. మా దిక్కు అది పెండ్లి ముచ్చట చెప్పుకున్నట్టే. మేం చిన్నగున్నప్పుడే, ఇంక చేతుల నిండ పనున్నప్పుడే తీసేయించుకున్నం. ఎందుకు తీసిన్రని మేం అడగలే, వాళ్లు చెప్పలే. స్రవంతి మా దిక్కు తిరిగి కూసున్నది. "పెద్దమ్మ, ఈ ముచ్చట నాకెప్పుడు చెప్పలేదేంది" అన్నది. నువ్వు అడిగినవా అన్న.

మాన్కోలి నాకా

తెల్లారినంక కండక్టరు బీమండి బీమండి అని మొత్తుకుంటె గబగబ దిగినం. బస్సు పోయినంక చూస్తె అది మాన్కోలి నాకా, నాకా అంటె చౌరస్తా. మేం దిగాల్సింది ఇంక ముందటనట. చుట్టూర గోదాములు, ఒక్కొక్కటి మా ఊరి చెరువంత. లారీలు ఒకదానెనుక ఒకటి తోక పట్టుకున్నట్టు నిలవడ్డయి. బురదల నా చెప్పు ఇరుక్కున్నది. గుంజితె పట్టీ తెగి చేతికొచ్చింది. ఇంక బీమండి చూడకముందే నేను ఒక కాలికి చెప్పు లేకుంట నిలవడ్డ.

బండి మీద వడాపావ్ తిన్నం. రొట్టె నడుమ ఆలుగడ్డ బజ్జీ పెట్టి, పక్కకు ఏంచిన పచ్చి మిరుపకాయ ఇస్తరు. పదిహేను రూపాయలు. మా దిక్కు గంతకు ప్లేటు మిర్చీలు వస్తయి గని కడుపు నిండది. ఇది నిండింది. చాయ్ మాత్రం అంగుట్ల పోసేంత గిలాసల ఇచ్చిండు. అల్లం ఘాటు ముక్కుకెక్కింది.

ఆటో ఆయన మమ్ముల చూడంగనే, "పద్మశాలీ లోగ్? తెలుగు మొహల్లా?" అన్నడు. ఎట్ల తెల్సుకున్నవయ్యా అంటె, నా భుజం మీది గిన్నె మూట చూపించి నవ్విండు. ఊరికెళ్లి వచ్చేటోళ్లందరు గట్ల గిన్నెలు మోసుకొనే దిగుతరట.

లచ్చవ్వ ఖోలి

ఒక్కటే అర్ర. దాన్ని ఖోలి అంటరు. పొయ్యి, మంచం, బట్టల దండెం, దేవుని గూడు అన్ని అండ్లనే. లచ్చవ్వ, దాని పెనిమిటి నర్సయ్య, కొడుకు కోడలు, మనుమరాలు పింకీ, ఐదుగురు మనుషులు. మొగోళ్లకు ఒక వారం పగటి డ్యూటీ, ఒక వారం రాత్రిది, రాత్రికి పోతే ఆడోళ్లు పండుకునే జాగ అయితది. గోడలు రేకులే. ఇటు ఉల్లిగడ్డ కోస్తె అటు పక్కోళ్లు కండ్లు తుడుసుకుంటరు. గల్లీ మొత్తానికి ఒక్క నల్లా.

ఇగ మీకు ఒక సంగతి చెప్పాలె. ఊర్లె మేం ముట్టయితే దూరముంటం, వాకిట్లనో పెంకుటింట్లనో. ఈ ఖోలిల దూరం ఎక్కడికెళ్లి వస్తది. అందరు ఒక్క నల్లా కాడనే నీళ్లు పడతరు, ఒక్క అర్రలనే పంటరు. అందుకని ఆ గల్లోళ్లు ఎనుకట్నే ఒక కట్టు పెట్టుకున్నరు. పోచమ్మ బోనం ఇంటింటికి వండరు. గల్లీ అంతటికి ఒక్కటే బోనం. దాన్ని నెలలు ఆగిపోయిన ఆడమనిషే వండాలె. ఆమె ఎప్పటికి శుద్ధిగనే ఉంటది కాబట్టి ఎవలకు ఏ అనుమానం ఉండది. పోయిన మూడేండ్ల నుంచి ఆ బోనం మా లచ్చవ్వదే. అదొక పెద్దరికం. సాంచలు నడిపే కూలోని పెండ్లాం అయినా, సాంచల సేటు పెండ్లాం సుత బోనం నాడు లచ్చవ్వ కాళ్లు మొక్కుతదట. సాంచలంటె మరమగ్గాలు, మా సిరిసిల్ల మాట.

మేం పోయిన రెండు వారాలకే బోనం ఉన్నది. లచ్చవ్వ మస్తు సంబరంగ ఉంటదనుకున్న. చిక్కిపోయున్నది. సర్వపిండి చూసి నవ్వింది గని తినలే.

పొద్దుగూకంగ దీపం ముట్టించే యాళ్లయితే, లచ్చవ్వ లెవ్వలే. పింకీని పిలిచింది. పింకీ మరాఠి బడికి పోతది. దీపం పెట్టి, "అవ్వా, దివా పెట్టిన, ఆతా ఖేళాయ్‌లా పోనా?" అన్నది. ఆడుకోను పోవాలెనని.

"పో" అన్నది లచ్చవ్వ. గూడు దిక్కు చూడకుంటనే.

శుద్ధిగ ఉన్నదని గల్లీ అంత బోనం అప్పజెప్పిన మనిషి తన ఇంట్లె దీపం పోరితోని ఎందుకు పెట్టిస్తదని నాకు గప్పుడే మనసుల పడ్డది. పొద్దున ఒక గోలీ మింగుడు సుత చూసిన. ఏందది అంటె బీపీ గోలీ అన్నది.

సాంచల నడుమ

తెల్లారి స్రవంతి ఖోలిలల్ల తిరిగి అడుగుడు మొదలువెట్టింది. ఒక్కరు నోరు తెరువలే. రేకు గోడలకు అటుదిక్కు అత్త ఉంటది, మరుదులుంటరు. "మాకేం లేదు బిడ్డా, మంచిగున్నం" అన్నరు అందరు.

లచ్చవ్వనే ఉపాయం చెప్పింది. "కార్ఖానకు రాన్రి. ముచ్చట్లన్ని అక్కడనే."

కార్ఖాన్ల అడుగువెడితే చెవులల్ల డప్పు కొట్టినట్టే. మా సిరిసిల్లల సుత సాంచలున్నయి, గని ఇక్కడ ఒక్క షెడ్డుల ఎన్ని పడుతయో అన్ని కుక్కిన్రు. అక్కడ ఆడోళ్లు ఒక మూలకు కండెలకు నూలు చుడుతరు. వాళ్లు మాట్లాడుకునేది చెవులతోని కాదు, పెదవులు చూసుకుంట. ఒకరి మొఖంల ఒకరు మొఖం పెట్టి చెప్తె, పక్కనున్నోళ్లకు సుత ఇనరాదు. ఇంట్ల దాసిన ముచ్చటంత ఇక్కడనే బయటపడతది.

స్రవంతి ఫోన్ల రికార్డు పెట్టింది. పొద్దుమీకి ఇని చూస్తె టకటక తప్ప ఒక్క మాట లేదు. పిల్ల మొఖం ఎండిపోయింది. "రాసుకో, నేను చెప్త" అన్న. ఎవలేం అన్నరో, ఎవల మాట ఎనుక ఎవల మాటో, అన్ని నాకు యాదికున్నయి. నేను చెప్పుకుంట పోయిన, అది రాసుకుంట పోయింది. నడుమ నడుమ ఆపి, "ఈమెకు చెమటలు ముట్టు ఆగకముందు మొదలైనయా, ఆగినంకనా" అని అడుగుతది. అది అడిగినంకనే నాకు అడగవల్సింది ఏందో తెల్సి, తెల్లారి పోయి అడిగచ్చిన. గట్ల ఇద్దరం కలిసి ఒక మనిషి పని చేసినం.

ఒకామె అన్నది, ఒంట్లకెళ్లి ఆవిర్లు వస్తయి, పొయ్యిల కూసున్నట్టుంటది అని. షెడ్డుల ఫ్యాన్ పెట్టరు, పోగులు ఎగిరి తెగుతయని. ఆమె నల్లా కాడికి పోయి తలకాయ తడుపుకొని వస్తది. సేటు, గన్నిసార్లు ఎందుకు పోతున్నవని అడుగుతడు. ఇంకొకామెకు నిద్ర రాదు. గల్లీ డాక్టరు కాడికి పోతె తాకత్ సూది, అంటె బలం సూది అని ఒకటి పొడిచి పంపుతడట. సర్కారు దవాఖానకు ఎందుకు పోరు అంటె, "ఒక దినం లైన్లనే పోతది, ఆ దినం కూలి ఎవలిస్తరు. పోయి ఏం చెప్పాలె? చెమటలొస్తున్నయి అంటె నవ్వుతరు" అన్నది.

పూర్ణ దిక్కు

మరునాడు బీమండి పక్కనున్న పూర్ణ పోయినం. అక్కడ అన్ని సామాన్ల గోదాములే, డబ్బాలకు టేపు వేసే పనికి మన ఆడోళ్లు పోతున్నరు. అన్నం తినే సుట్టిల బయట చెట్టు కింద కూసున్నరు. ఒక పడుచు పిల్ల టిఫిన్ డబ్బా మూతల గోలీల పత్త పెట్టుకున్నది. ఏందమ్మా అంటె, "ఇంట్ల సత్యనారాయణ వ్రతమున్నది పెద్దమ్మ. ఆ నాడు ముట్టు రాకుంట ఆపనీకి. మెడికల్ల అడిగితే ఇస్తరు" అన్నది.

ఆ పత్త నేను చూసిన. లచ్చవ్వ చేతుల.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోల స్రవంతికి చెప్పిన. మూడేండ్ల కింద ఆగిన మనిషికి ఆ గోలీలెందుకు అన్న. "పెద్దమ్మ, ఏడాది పొడుగునా ఆగిపోయినంక మళ్ల నెత్తురు కనబడ్డదంటె అది ముట్టు కాదు. చిన్నదే కావచ్చు, పెద్ద రోగం సుత కావచ్చు. పరీక్ష చేస్తేనే తెలుస్తది. ఆలస్యం చేయద్దు" అన్నది.

కండెల మిషన్ కాడ

తెల్లారి లచ్చవ్వ ఎదురుంగ కూసున్న. సాంచలు నడుస్తున్నయి. దాని మొఖంల మొఖం పెట్టి అడిగిన.

"ఆ గోలీ బీపీది కాదు. నీకు మళ్ల ఐతున్నదా?"

కండె చేతిలకెళ్లి జారింది. పోగు తెగింది. ముడేసింది. మళ్ల చుట్టింది. గప్పుడు చెప్పింది.

"పోయినేడు బోనం ముందల మొదలైంది వదినె. ఎవలకు చెప్తె ఏమైతదో అని ఊకున్న. బోనం వండిన. అయితుండంగనే వండిన. పోచమ్మకు పెట్టిన, గల్లందరు తిన్నరు. అటెన్క నెలకే బాలవ్వ మనుమనికి కామెర్లయినయి. నా పాపమే."

బాలవ్వ పక్క ఖోలిది, నోరు పెద్దది.

"ఇప్పుడు ఆగాలెనని గోలీలు ఏసుకుంటున్న. బోనం అయినంక ఎవలకో ఇచ్చేస్త. గప్పటిదాంక బయట పెట్టకు వదినె. తెలిస్తే నా మొఖాన ఉమ్ముతరు."

"దవాఖానకు పోదాం."

"పోను. పోతె సంచి తీస్తరు. నీకు తియ్యలేదా?"

దాని వేళ్లు చూసిన. పోగు కోసుకపోయి వేళ్లకు సన్నగ గాట్లున్నయి. "ఇగో, ఈ వేలు తెగి నెత్తురు కారిన నాడు దీపం పెట్టవా?" అన్న.

"పెడత. అది దెబ్బ."

"ఇది సుత లోపటి దెబ్బేమో. స్రవంతి అంటున్నది, ముట్టు కాదట."

"అది పిల్ల. దానికి ముట్టు సంగతి ఏం ఎర్క. డాక్టరు అంటదా గట్ల?"

"అడుగుదాం పా."

నిండిన కండె తీసి గంపల ఏసింది. "గదొక్కటే అడిగి వస్త. ముట్టా కాదా అని. వేరేది ఏం చేయనియ్య" అన్నది.

రోగమున్నదో లేదో దానికి అక్కర లేదు. పోచమ్మకు తప్పు చేసిందో లేదో తెల్సుకోవాలె. దానికోసమే బయలెల్లింది.

సర్కారు దవాఖాన

నర్సయ్యకు చెప్తె బిత్తరపోయిండు. "ఏడాది సంది నా పక్కన పండుకొని నాకే చెప్పలేదా" అన్నడు. లచ్చవ్వ, "నీకు సాంచ తప్ప ఏమినబడుతది" అన్నది. గయినా ఆ దినం డ్యూటీ ఇడిసిపెట్టి మా ఎంబడి వచ్చిండు. ఆడోళ్ల గదిలకు రానియ్యరు కాబట్టి బయట మెట్ల మీద కూసున్నడు.

లైను పొడుగున్నది. నర్సమ్మలు పనిల ఉన్నరు, ఎవలూ కసురలే. మా యాళ్ల వచ్చేసరికి అన్నం యాళ్ల దాటింది. డాక్టరమ్మ మరాఠామె, కండ్లద్దాలు, అలసిపోయున్నది. స్రవంతి హిందీల అన్ని చెప్పింది. మూడేండ్ల కింద ఆగింది, పోయినేడు మళ్ల మొదలైంది, ఈ గోలీలు మింగుతున్నది. డాక్టరమ్మ పత్త తీసి చూసింది. మంచం మీద పండుకోమన్నది.

లచ్చవ్వ పండలే. నిలవడి నన్ను పొడిచింది, అడుగు అని. నేను నా హిందీల అడిగిన. "మేడం, యే మాహవారీ హై క్యా, నహీ?"

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. ఎందుకు అడుగుతున్నరు అన్నది. స్రవంతి బోనం సంగతి చెప్పింది. నేను నవ్వుతదనుకున్న. నవ్వలే. లచ్చవ్వ దిక్కు చూసి, పిల్లకు చెప్పినట్టు మెల్లగ చెప్పింది. "మాహవారీ నహీ హై, మౌసీ. వో కబ్ కీ బంద్ హో గయీ. యే ఖూన్ బీమారీ కా హై. పోయిన సాల్ భీ నహీ థీ."

ముట్టు ఎప్పుడో ఆగింది, ఈ నెత్తురు రోగానిది, పోయినేడు సుత ముట్టు కాదని. పోయిన అనే తెలుగు మాట ఎక్కడ నేర్చుకున్నదో. ఆ వాడకు తెలుగోళ్లు వస్తనే ఉంటరు కద.

లచ్చవ్వ గోడకు ఒరిగింది. "పోయినేడు సుత కాదటనా" అని నన్ను అడిగింది. కాదట అన్న. మళ్ల అడిగింది. మళ్ల చెప్పిన. కొంగు నోట్ల పెట్టుకొని ఏడ్చింది. ఎనుకున్న ఆడోళ్లు ఏదో పెద్ద రోగం బయటపడ్డదనుకున్నరు, ఒకామె దాని ఈపు రాసింది.

ఏడ్చి, మొఖం తుడుసుకొని, తనంత తనే మంచమెక్కి పండుకున్నది.

సంచి తీస్తరా అని నేను అడిగిన. ముందు స్కానింగ్ ఫోటో తీసి చూడాలె, లోపటికెళ్లి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలె, రిపోర్ట్ రాకుంట ఏదీ తియ్యం అన్నది. గోలీలు బందు చేయమన్నది. బయటికొచ్చినంక నేను జర సేపు బల్ల మీద కూసున్న. నాకు తీసిన నాడు రిపోర్ట్ అన్న మాట నేను ఇనలే.

ఆ వారంల ఇంక రెండుసార్లు పోయినం. ముక్క తీసిన్రు. రిపోర్ట్ రానీకి టైం పడతదన్నరు.

బోనం

బోనం ముందటి దినం పొద్దుగాల నల్లా కాడ ఆడోళ్లంత ఉన్నరు. లచ్చవ్వ బిందె కింద పెట్టి, అందరు ఇనంగ చెప్పింది. పోయినేటి సంది ఐతున్నది, నేను దాసిన, డాక్టరమ్మ ముట్టు కాదన్నది, రోగమేమో చూస్తున్నరు. బోనం నన్ను వండమంటె వండుత, వద్దంటె వద్దు. బాలవ్వా, నీ మనుమనికి కామెర్లయినప్పటి సంది నాకు అన్నం సయించలే.

నల్లా నీళ్లు ఎవల బిందెల పడుతున్నయో, నిండి పారుతున్నయి. ఎవలు బందు చేయలే.

బాలవ్వ అన్నది, "మా పోరడు నాకా కాడ ఐసు నీళ్ల చెరుకు రసం తాగి తెచ్చుకున్నడు. డాక్టరే చెప్పిండు. నీతోని కామెర్లు వచ్చేటంత పెద్దదానివి ఎప్పుడైనవే లచ్చవ్వా."

ఒకామె కిసుక్కున నవ్వింది. ఇంకొకామె, పెద్దమనిషి, "ముట్టు కాదని డాక్టరమ్మ అన్నదా, నీ చెవులతోని ఇన్నవా" అని అడిగింది. ఇన్న అన్నది లచ్చవ్వ.

"అయితె వండు. బాలవ్వ వండితె మాడుతది, తల్లి ఏడాదంత అలుగుతది."

"నా వంటకు పేరు పెట్టేటోళ్లంత నా ఇంట్లనే తింటరు" అన్నది బాలవ్వ.

గదే పంచాది. గంతే అయిపోయింది. తెల్లారి లచ్చవ్వ బెల్లమన్నం వండింది, కుండకు పసుపు రాసి ఏపాకు కట్టింది. వాన పడ్డది. బోనం మీద దీపం ఆరకుంట నర్సయ్య గొడుగు పట్టుకొని పక్కపొంటి నడిచిండు. నేనెన్నడు చూడలే మొగోడు పెండ్లానికి గొడుగు పట్టుడు. గల్లోళ్లు మస్తు మాటలన్నరు, ఆయన ఇడువలే.

తినేటప్పుడు బాలవ్వ నన్ను మూలకు గుంజింది. "ఆ డాక్టరమ్మ దగ్గితె చీర తడిసేదానికి సుత మందిస్తదా? నాకు కాదు, మా చుట్టమామెకు."

"మీ చుట్టమామెను తోలుకొని పొమ్మను" అన్న.

ఇంటికొచ్చినంక

మేం రిపోర్ట్ రాకముందే ఎల్లి వచ్చినం. స్రవంతి హైదరాబాదు పోయింది, రోజు ఫోన్ చేసుడు, వచ్చిందా పెద్దమ్మ అని అడుగుడు. నేను బీడీలు చుడుతున్న గని ఆకు సక్కగ కోయలేకపోయిన.

ఒకనాడు పొద్దుగాల లచ్చవ్వనే ఫోన్ చేసింది. చెడ్డ రోగం కాదట. లోపట చిన్న కండ పెరిగింది, అది తీసేస్తరట. సంచి ఉంటదట.

"తీసుడు ఎప్పుడు? పోతవా, మళ్ల పనున్నదని ఊకుంటవా?" అన్న.

"బేస్తవారం పోతున్న" అన్నది. "బాలవ్వ సుత చూపించుకోనీకి వస్తున్నది. తలకాయ తడుపుకునేటామె వస్తున్నది. ఇంక ఇద్దరున్నరు. ఒక్క ఆటోల పట్టం వదినె, పెద్ద బండి మాట్లాడినం."